ఎవరి విగ్రహం అని అడగకుండా శిల్పం చూడడం ఎలా?

కర్నూలు, కడప, అనంతపురం... ఏ ఊళ్ళో ఏ సర్కిల్‌కు పోయినా దిమ్మె మీద ఒక విగ్రహం ఉంటుంది. చూడగానే నోట్లోంచి వచ్చే మాట "ఎవరిదబ్బా ఇది?" పేరు తెలిసిందంటే ఇక దాని వైపు చూడం. గుళ్ళోనూ అదే వరస: చేతిలో ఏముంది, వాహనం ఏది, ఫలానా స్వామి, దండం. ఈ అలవాటుతోనే సమకాలీన శిల్ప ప్రదర్శనకు పోయామంటే పది నిమిషాల్లో బయటికొచ్చి క్యాంటీన్ వెతుక్కుంటాం. అక్కడ స్టీలు గిన్నెలు గుట్టపోసి ఉంటాయి, కార్ల బంపర్లు తాళ్ళకు వేలాడుతుంటాయి, నేల మీద ఇటుకలు పేర్చి ఉంటాయి. "ఎవరిది" అన్న ప్రశ్నకు వాటి దగ్గర జవాబు దొరకదు.

ఆ ప్రశ్నను పక్కన పెట్టి మూడు వేరే ప్రశ్నలు పట్టుకోండి. దేనితో చేశారు? ఎట్లా నిలబడింది? నేనెక్కడ నిలబడాలి? వీటికి కళాచరిత్ర చదివి ఉండాల్సిన పని లేదు. రాళ్ళ మధ్య పుట్టి పెరిగిన సీమవాళ్ళకు సగం చదువు ముందే అయిపోయింది. మిగతా సగం అడుగుల వారీగా చెప్తాను.

మొదటి అడుగు: లేపాక్షి నందితో సాధన

గ్యాలరీకి పోయేముందు, తెలిసిన శిల్పం దగ్గర కొత్తగా చూడడం అలవాటు చేసుకోవాలి. మొన్నమొన్నటిదాకా అనంతపురం జిల్లాలోనే ఉన్న లేపాక్షి, ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లా, ఇందుకు బాగా పనికొస్తుంది. అక్కడి నంది ఏకశిల, గ్రానైటు. పొడవు సుమారు 27 అడుగులు, ఎత్తు 15 అడుగులు. అందరూ దాని ముందు నిలబడి ఫొటో దిగి వెళ్ళిపోతారు. మీరు ఇలా చేయండి.

మెడ గంటలు తప్ప ఇంకేమీ కనబడనంత దగ్గరికి వెళ్ళండి. ఇప్పుడు నంది లేదు. గుండ్రటి రాతి ముద్దలు, మధ్య పల్లాలు, పల్లాల్లో నీడ, అంతే. అక్కడి నుంచి ఒక్కో అడుగే వెనక్కి నడవండి. ఎన్నో అడుగు దగ్గర రాయి పోయి ఎద్దు వచ్చిందో గమనించండి. ఆ చోటు మనిషి మనిషికీ మారుతుంది, మీ పక్కవాళ్ళను అడిగి చూడండి. తర్వాత వెనక్కి పోయి వీపు చూడండి. ముందువైపు దండలూ గంటలూ చెక్కిన శిల్పి వెనక ఎంత పని చేశాడు, ఎక్కడ ఆపాడు? ఆ పైన నంది మొహం ఎటు తిరిగి ఉందో చూడండి. కొంత దూరంలో వీరభద్రాలయం ఆవరణలో ఏడు పడగల నాగు నీడలో లింగం ఉంది. ఈ ఎద్దు చూపు అటే. అంటే నంది ఒంటరి వస్తువు కాదన్నమాట. తనకూ లింగానికీ మధ్య ఉన్న ఆ నేలను కూడా అది తన పనిలోకి లాక్కుంది. ఇవాళ గ్యాలరీల్లో "ఇన్‌స్టలేషన్" అంటున్నదానికి ఇంతకంటే మంచి పరిచయం నాకు తెలియదు.

అదే ఆవరణలో సగంలో ఆగిపోయిన కళ్యాణ మండపం ఉంది. పూర్తయిన శిల్పం కంటే ఆగిపోయిన పనే ఎక్కువ నేర్పుతుంది. తాడిపత్రిలో పెన్న ఒడ్డున ఉన్న బుగ్గ రామలింగేశ్వరాలయానికి పోతే, పై అంతస్తులు లేకుండా మిగిలిన గోపురాల మీద ఉలి ఎంత లోతుకు దిగిందో కంటి ఎత్తులోనే కనబడుతుంది. కర్నూలు వైపువాళ్ళు శ్రీశైలం ప్రాకారం చూడవచ్చు. ఆ గోడ మీద శిల్పాలు ఉబ్బెత్తుగా చెక్కినవి, వాటి చుట్టూ తిరగలేం, వెంబడి నడవాలి. శిల్పం మన కాళ్ళను ఎట్లా నడిపిస్తుందో గుర్తుపట్టడం సగం విద్య.

రెండో అడుగు: బండల ఫ్యాక్టరీకి పోయి చేత్తో ముట్టుకోండి

గ్యాలరీలో ముట్టుకోనివ్వరు కాబట్టి ముట్టుకోవడమంతా ఇక్కడే అయిపోవాలి. తాడిపత్రిలోనో బేతంచెర్లలోనో బండలు కోసి పాలిష్ పట్టే చోటికి పొండి. కడప బండ అని దేశమంతా వంటింటి గట్లకు వాడే నల్ల నాపరాయిని ఒక ముక్క చేతిలోకి తీసుకోండి. ఒకవైపు పొర ఊడిన సహజమైన మొహం, గరుకు. మరోవైపు రంపం కోసిన మొహం; వెలుతురుకు అడ్డంగా వంచితే బ్లేడు తిరిగిన గీతలు విల్లులా వంగి కనబడతాయి. మూడోవైపు పాలిష్, అందులో మీ మొహం మసగ్గా కనిపిస్తుంది. దాని మీద నీళ్ళు చల్లి చూడండి. బూడిద రంగు రాయి నిమిషంలో నల్లబడుతుంది. ఒకే రాయి, నాలుగు రూపాలు. శిల్పి వీటిలో దేన్ని ఎక్కడ ఎంచుకుంటాడన్నదే సగం కథ.

వంటింట్లో ఈ బండ మీద నిమ్మరసం పడితే తెల్లటి మచ్చ మిగలడం మీరు చూసే ఉంటారు. నాపరాయి సున్నపురాయి జాతి, పులుపు తగిలితే కరుగుతుంది. పాలరాయిదీ అదే జాతి. చేతి చెమట, జిడ్డు వల్ల పాలరాతి విగ్రహానికి ఏమవుతుందో దీన్నిబట్టి ఊహించుకోండి. "ముట్టరాదు" బోర్డు వెనక ఉన్న కారణం ఇదే. కంచు మీద కూడా వేలిముద్ర క్రమంగా మరకగా తేలుతుంది.

వీలైతే ఆళ్ళగడ్డలో శిల్పులు పనిచేసే చోట ఒక పూట గడపండి. గ్రైండరు రొద, తెల్లటి దుమ్ము మధ్య రాయి మీద గీసిన గీతల్లోంచి బొమ్మ ఎట్లా బయటికొస్తుందో చూస్తే, ఆ తర్వాత ఏ గ్యాలరీలో రాతి పని కనబడ్డా దాని వెనక భుజాల నొప్పి కూడా కనబడుతుంది.

రాయి కాని పదార్థాల గురించి క్లుప్తంగా. పెద్ద కంచు శిల్పాలు చాలావరకు లోపల బోలు. మట్టి ముద్ద మీద పలచటి మైనం పొరతో బొమ్మ చేసి, చుట్టూ అచ్చు కట్టి, మైనాన్ని కరిగించి తీసేసి, ఖాళీ అయిన చోట కరిగిన లోహం పోస్తారు. గోడ మందం కొన్ని మిల్లీమీటర్లే ఉంటుంది. ఫైబర్ అంటే అచ్చులో గాజునార పరిచి పొరలు పొరలుగా రెసిన్, అంటే ఆరితే గట్టిపడే జిగురు, పట్టించడం. చూడడానికి ఏనుగంత ఉన్నా నలుగురు ఎత్తుతారు. స్టెయిన్‌లెస్ స్టీలుకు వెల్డింగ్ అతుకులు ఉంటాయి, వాటిని రుద్ది కనబడకుండా చేశారా, కావాలని వదిలేశారా అని చూడాలి. చికాగోలో అనీష్ కపూర్ చేసిన "క్లౌడ్ గేట్" స్టీలు పలకలను అతికి కట్టిందే, కానీ ఎంత వెతికినా అతుకు దొరకదు. కనబడకుండా చేయడమే ఆ పనిలో పెద్ద పని.

మూడో అడుగు: ఎక్కడికి పోవాలి?

మన ఊళ్ళలో పెద్ద శిల్ప ప్రదర్శనలు రోజూ జరగవు. అలాగని ఏమీ లేదనుకోవద్దు. కడపలో డాక్టర్ వైఎస్ఆర్ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ ఉంది. ఇలాంటి చోట్ల విద్యార్థుల పనులు ప్రదర్శనకు పెట్టినప్పుడు తప్పకుండా పొండి. మట్టి ఇంకా ఆరని పని, చేసిన మనిషి పక్కనే ఉంటారు, అడిగితే గంటసేపు చెప్తారు. పెద్ద మ్యూజియంలో ఈ భాగ్యం ఉండదు.

ఆ తర్వాత ఊరిని బట్టి దారి. అనంతపురం నుంచి బెంగళూరు దగ్గర. ప్యాలెస్ రోడ్డులో మాణిక్యవేలు మాన్షన్‌లో 2009లో తెరిచిన నేషనల్ గ్యాలరీ ఆఫ్ మోడర్న్ ఆర్ట్ ఉంది, కస్తూర్బా రోడ్డులో 2023లో తెరిచిన మ్యూజియం ఆఫ్ ఆర్ట్ అండ్ ఫొటోగ్రఫీ ఉంది. కడప నుంచి చెన్నై రైలు ఎక్కితే, ఈస్ట్ కోస్ట్ రోడ్డులో 1966లో కళాకారులే కట్టుకున్న చోళమండలం ఊరు, అందులో ఆరుబయట శిల్పాలు. దారిలో మెరీనా దగ్గర డి.పి. రాయ్ చౌదరి చేసిన కంచు శిల్పం, నలుగురు కూలీలు బండను తోసేది, చుట్టూ తిరిగి చూడండి. ఏ నడుము ఏ బరువును మోస్తోందో లెక్క కట్టడానికి అంతకంటే మంచి పాఠం లేదు. కర్నూలు వాళ్ళకు హైదరాబాదు, అక్కడ సాలార్ జంగ్ మ్యూజియం. సమకాలీన పనుల కోసం కాదు, కన్ను పదును పెట్టుకోవడానికి. దాని సంగతి కింద వస్తుంది.

ఓపికా సెలవులూ ఉంటే కేరళలో జరిగే పెద్ద సమకాలీన కళా ప్రదర్శన, కొచ్చి-ముజిరిస్ బినాలే. 2012లో మొదలైంది, రెండేళ్ళకోసారి అనే పద్ధతి. పాత గిడ్డంగులు, కొబ్బరిపీచు వాసన తగిలే గదులు, వాటిలో పనులు. ఒక్క రోజులో అంతా చూడాలనుకుంటే మాత్రం కాళ్ళనొప్పులే మిగులుతాయి.

నాలుగో అడుగు: బయల్దేరే ముందు

వారపు సెలవు చూసుకోండి. బెంగళూరు నేషనల్ గ్యాలరీకి సోమవారం, సాలార్ జంగ్‌కు శుక్రవారం. మెత్తటి చెప్పులు, చిన్న నోటుబుక్కు, పెన్ను కాకుండా పెన్సిలు. వీపున బ్యాగు తగిలించుకుని లోపల తిరగొద్దు, తిరిగేటప్పుడు వెనక ఏది తగులుతుందో తెలియదు. కళాకారుల గురించి ముందే చదివేసి పోవడం నాకైతే ఇష్టం ఉండదు. అది సినిమాకు ముందు కథ వినడం లాంటిది.

ఐదో అడుగు: మొదటి చుట్టు, లేబుల్ చదవకుండా

లోపలికి పోగానే మనం చేసే పని గోడ మీది రాత చదవడం. అది మానుకోండి. ఒక చుట్టు మొత్తం గబగబా నడవండి. ఎక్కడ కాలు దానంతటదే నెమ్మదించిందో, ఎక్కడ పక్కకు తప్పుకోవాలనిపించిందో గుర్తుపెట్టుకోండి. ఆ చోట్లలోంచి మూడు పనులు ఎంచుకోండి. ఒకటి నచ్చింది, ఒకటి అర్థం కానిది, ఒకటి చిరాకు పెట్టింది. మీ సమయమంతా వీటికే. మిగతావాటిని వదిలేసినందుకు ఎవరూ ఏమీ అనుకోరు.

ఆరో అడుగు: చుట్టూ తిరగడం

అసలు చూడడం ఇక్కడ మొదలవుతుంది. మనకు ప్రదక్షిణ అలవాటు ఉంది కాబట్టి కుడివైపుగా తిరగడం తేలిగ్గా వస్తుంది. ఒకసారి అలా తిరిగాక, ఎడమవైపు నుంచి కూడా తిరగండి. ఏ వైపు ముందు కనబడితే శిల్పం కథ అక్కడి నుంచి మొదలవుతుంది, దిశ మారిస్తే కథ వరస మారుతుంది.

సాలార్ జంగ్‌లో ఒకే కొయ్యలో చెక్కిన జంట శిల్పం ఉంది. ముందు నుంచి మెఫిస్టోఫిలిస్ అనే సైతాను, వెనక మార్గరెట్టా అనే అమ్మాయి, ఇద్దరూ జర్మన్ నాటకం "ఫౌస్ట్"లోని పాత్రలు. వెనక అద్దం పెట్టారు కాబట్టి జనం కదలకుండా రెండూ చూసేసి వెళ్ళిపోతారు. మీరు పక్కకు జరిగి, ఆ మగ ఒళ్ళు ఎక్కడ అయిపోయి ఆడ ఒళ్ళు ఎక్కడ మొదలైందో ఆ అంచు మీదే కన్ను నిలపండి. శిల్పి తల పట్టుకున్న చోటు అదే. ఆ మ్యూజియంలోనే ఇటలీ శిల్పి బెంజోనీ చెక్కిన "మేలిముసుగు రెబెకా" కూడా ఉంది. ముసుగు వెనక మొహం కనబడుతోందని అందరూ నోరెళ్ళబెడతారు. కానీ అక్కడ పాలరాయి తప్ప ముసుగూ లేదు, మొహమూ లేదు. ముసుగు అంచు ఎక్కడ పలచగా ఉంది, ఎక్కడ చర్మానికి అంటుకుంది అని వెతుకుతూ పోతే, పలచదనమంతా వెలుతురు ఆడించిన ఆట అని పట్టుబడుతుంది. దూరపు కొండలు నునుపన్న సామెత శిల్పాలకు వాడాలంటే ఇక్కడ వాడాలి.

ఇప్పుడు సమకాలీన ఉదాహరణ. సూర్యాపేటలో పుట్టి విశాఖలో పనిచేసే రవీందర్ రెడ్డి చేసిన పెద్ద పెద్ద ఆడవాళ్ళ తలలు చూసే ఉంటారు. ఫైబర్‌తో చేసి, బంగారు పూతో మెరిసే రంగో వేసినవి. కళ్ళు విప్పార్చుకుని ఉంటాయి, పెదాలు ఎర్రగా. ముందు నిలబడితే గర్భగుడిలో అమ్మవారు చూసినట్టే చూస్తాయి, మనం కళ్ళు దించుకోవాలి. వెనక్కి పొండి. కొప్పు, దాని చుట్టూ పూలు. పండగపూట బస్టాండులో మన ముందు కూర్చున్న ఆవిడ తల అది. ముందు దేవత, వెనక మన వీధి మనిషి. ముందునుంచి ఫొటో తీసుకుని వచ్చేసినవాళ్ళకు సగమే తెలుస్తుంది.

తిరుగుతూ ఇంకో మూడు గమనించండి. శిల్పం నేలను ఎట్లా తాకుతోంది: పీఠం ఉందా, నేరుగా నేల మీదే ఉందా, వేలాడుతోందా? పీఠం మర్యాద నేర్పుతుంది, నేల మీద పెట్టింది మన పక్కన నిలబడుతుంది. రెండోది నీడ. లైట్లు ఎటు నుంచి పడుతున్నాయి, నీడ కూడా పనిలో భాగమేనా? చివరిది ఎత్తు. గొంతుక్కూచుని చూడండి, పిల్లల ఎత్తు నుంచి అది వేరే వస్తువు.

ఏడో అడుగు: ఇప్పుడు లేబుల్

లేబుల్ మీద పేరు కంటే పదార్థం వరస ముందు చదవండి. మీరు రాయి అనుకున్నది పేపరు గుజ్జు అయి ఉండవచ్చు. కొలతలు సాధారణంగా ఎత్తు, వెడల్పు, లోతు అన్న వరసలో ఉంటాయి. పక్కన 3/8 అని ఉంటే ఒకే అచ్చు నుంచి ఎనిమిది పోతలు, ఇది మూడోది అని అర్థం. "శీర్షిక లేదు" అని ఉంటే విసుక్కోవద్దు, పేరు చెప్తే మీరు పేరునే చూస్తారని ఆ కళాకారుడికి తెలుసు.

ఎనిమిదో అడుగు: ఆ పదార్థమే ఎందుకు?

ఒక చిన్న కిటుకు. మీ ముందున్న పనిని మనసులో వేరే పదార్థంతో మళ్ళీ చేయండి. ఏమీ మారలేదంటే పదార్థం అక్కడ మోతకూలి మాత్రమే. పని మొత్తం కూలిపోయిందంటే పదార్థమే మాట్లాడుతోందన్నమాట.

బెంగళూరు కళాకారిణి షీలా గౌడ 2009లో చేసిన "బిహోల్డ్" మీద ఇది ప్రయత్నించండి. మనుషుల తలవెంట్రుకలతో పేనిన తాడు, కిలోమీటర్ల కొద్దీ. ఆ తాళ్ళకు కార్ల బంపర్లు వేలాడుతుంటాయి. ఇప్పుడది లండన్‌లోని టేట్ సేకరణలో ఉంది. అక్కడి ప్రేక్షకుడికి వెంట్రుకలకూ బంపరుకూ సంబంధం ఏమిటో గోడ మీద రాసి చెప్పాలి. మన హైవే మీద లారీ తోలే అన్నకు ఆ రాత అక్కర్లేదు. దిష్టి తగలకుండా బండి బంపరుకు కట్టే నల్లతాడు ఆయనకు తెలుసు. మొక్కు తీర్చుకుని తలనీలాలిచ్చి వచ్చినవాడికి వెంట్రుక బరువు తెలుసు. వెంట్రుకల బదులు నైలాను తాడు ఊహించుకోండి. ఏమీ మిగలదు. నార తాళ్ళను ముడులు వేసి మనిషిని మించిన ఆకారాలు కట్టిన మృణాళిని ముఖర్జీ (1949–2015) పనులూ అంతే. నులక మంచం అల్లిన చేతికి ఆ ముడులు వేలికొసల్లోనే తెలుస్తాయి. సుబోధ్ గుప్తా స్టీలు గిన్నెల గుట్టలు మాత్రం నాకు మొదటి చూపులో ఉన్నంత బలంగా తర్వాత ఉండవు. మెరుపు తగ్గాక ఆలోచన కూడా కొంచెం తగ్గుతుందనిపిస్తుంది. మీకు వేరేగా అనిపించవచ్చు.

తొమ్మిదో అడుగు: "ఇది నేనూ చేస్తా" అనిపించినప్పుడు

అనిపిస్తుంది. అనిపించాలి కూడా. అమెరికా శిల్పి కార్ల్ ఆండ్రే 1966లో 120 కొలిమి ఇటుకలను ఒకదాని మీద ఒకటి రెండు పొరలుగా, సున్నం లేకుండా, నేల మీద పేర్చాడు. టేట్ గ్యాలరీ దాన్ని 1972లో కొంటే, 1976లో పత్రికలు ప్రజల డబ్బు ఇటుకలకు పోశారని దుమ్మెత్తిపోశాయి. తాడిపత్రిలో దొంతరలుగా పేర్చిన బండలు చూసినవాళ్ళకు అందులో వింత ఏమీ కనబడదు, కానీ ఒక ప్రశ్న వస్తుంది: బండలు లారీ ఎక్కడానికి పేర్చినవి, ఇవి దేనికి? ఎక్కడికీ పోనివి కాబట్టే వాటిని చూస్తాం.

ఇంకా పాత తగవు రొమేనియాలో పుట్టిన శిల్పి బ్రాంకూజీది. ఆయన "అంతరిక్షంలో పక్షి" 1926లో న్యూయార్క్ రేవులో దిగితే, కస్టమ్స్ వాళ్ళు దాన్ని కళాఖండం అని ఒప్పుకోలేదు. రెక్కలేవి, ముక్కేది అని అడిగి, వంటింటి సామాన్లలో కలిపి 40 శాతం సుంకం వేశారు. కేసు కోర్టుకు పోయి 1928లో కళేనని తీర్పొచ్చింది. సర్కిల్ దగ్గర "ఎవరిది" అని అడిగే మనమూ, ఆ అధికారులూ ఒకే ప్రశ్న అడిగినవాళ్ళమే.

ఇంతా చెప్పి, నచ్చకపోతే నచ్చలేదనే చెప్పండి. చెత్త పనులు బోలెడుంటాయి. నా కొలబద్ద ఇది: వస్తువు చిన్నది, గోడ మీద రాత చాంతాడంత, ఆ రాత చదివి మళ్ళీ వస్తువు వైపు తిరిగితే కొత్తగా ఏమీ కనబడలేదా, అయితే అక్కడ శిల్పం లేదు, వ్యాసం ఉంది. రాత చదివాక వస్తువులో అంతకుముందు కనబడనిది బయటపడితే, ఇంకో చుట్టు తిరగండి.

పదో అడుగు: ఫొటోలు, పిల్లలు

ఫ్లాష్ ఆపండి. ఫొటో శిల్పాన్ని చదును చేస్తుంది కాబట్టి, అనుమతి ఉంటే, చుట్టూ నడుస్తూ చిన్న వీడియో తీయండి. పిల్లలను తీసుకెళ్తే "ఇది ఎంత బరువుంటుంది?" అని పందెం వేయండి, వాళ్ళు అరగంట అక్కడే ఉంటారు.

పదకొండో అడుగు: ఇంటికొచ్చాక, కళాకారుడు ఎదురైతే

ఆ రాత్రి, ప్రదర్శన చూడని ఎవరికైనా ఫోన్ చేసి మీ మూడు పనుల్లో ఒకదాన్ని వర్ణించండి. బాగుంది, అద్భుతం అన్న మాటలు వాడకూడదు. అవతలివాళ్ళు కాగితం మీద గీయగలిగేంత చెప్పాలి. ఎక్కడ మాట తడబడిందో అక్కడ మీరు సరిగా చూడలేదని తెలుస్తుంది.

కళాకారుడు ఎదురైనప్పుడు "దీని అర్థం ఏంటి సార్?" అని అడగొద్దు, ఆ ప్రశ్నకు వాళ్ళ దగ్గర రెడీమేడ్ జవాబు ఉంటుంది. ఇలాంటివి అడగండి: దీన్ని ఏ బండి మీద తెచ్చారు? తలుపులో ఎట్లా పట్టింది? చేసేటప్పుడు ఎక్కడ విరిగింది? విరిగిన ముక్క ఏం చేశారు? మొదటి రెండింటికి నవ్వుతారు. మూడోదానికి మిమ్మల్ని శిల్పం వెనక్కి పిలిచి, వంగి, ఫలానా చోటు అని వేలు పెట్టి చూపిస్తారు.